కట్టలు మోసిన పెద్ద

రజాకార్ల గొడవ సద్దుమణిగిన మరుసటి ఏడు అది. నిడమనూరులో దామోదర్ పటేలు పొలంలో వరినాట్లు వెయ్యడానికి లచ్చమ్మ పెన్‌పహాడ్ నుంచి పన్నెండుమంది ఆడవాళ్లను తీసుకొచ్చింది. గుంపుకు పెద్ద కావడం ఆమెకు అదే మొదలు. నలభై ఏళ్లు గుంపును నడిపిన అత్త ముత్తమ్మ, నడుము సహకరించక, ఆ ఏడే పెత్తనం కోడలికి అప్పజెప్పింది.

రెండో రోజు పొద్దున పటేలు గట్టు మీద నిలబడి తెగేసి చెప్పాడు. "చెరువు నీళ్ల వంతు రేపు పొద్దుగూకేదాకనే. గప్పటికి మూడు మడులు ఖతం కాకుంటే, వచ్చే ఏడు కోదాడ గుంపును పిలుస్త."

లచ్చమ్మ మూడు మడుల వైపు చూసింది. అత్త నిలబెట్టిన పేరు తన చేతిలో పోతుందా?

ఇంకొకరు ఒక వరుస వేసేలోపు లచ్చమ్మ రెండు వేస్తుంది. ఆ రోజు తన వరుస ముగించుకుని, మిగతావాళ్లు వంకరగా పెట్టిన మొక్కలు పీకి మళ్లీ నాటింది. ఎంత దిద్దినా వంకరలు పెరిగాయే గాని తగ్గలేదు.

"ఎట్ల పెడితే ఏంది? మా లచ్చక్క ఉన్నది గదా దిద్దనీకె!" గుంపులోని అన్నమ్మ నవ్వింది. అందరూ నవ్వారు.

మధ్యాహ్నం, గుంపు వెంట వచ్చి గట్టు మీద కూర్చున్న ముత్తమ్మ కోడలిని పిలిచింది. "మంచిగ నాటుతవనే నిన్ను పెద్దను జేసిన పిల్లా. ఇగ నాటకు."

"మరేం జెయ్యాలె అత్తా?"

"సూడు."

చూస్తే తెలిసింది. ఆ ఏడే గుంపులో చేరిన చిన్నపిల్ల తార నారు కట్టలు అందించలేక సతమతమవుతోంది. కట్ట అయిపోయినప్పుడల్లా ఒక్కొక్కరు నడుమెత్తి, మోకాలిలోతు బురదలో నడిచి తెచ్చుకుంటున్నారు. సగం పొద్దు ఆ నడకకే పోతోంది.

లచ్చమ్మ తారను నాటే వరుసలోకి పంపి, కట్టలు తన నెత్తికెత్తుకుంది.

"ఓ యవ్వో! పెద్ద కట్టలు మోసుడేంది?" అన్నమ్మ నోరు నొక్కుకుంది. అది గుంపులో అందరికన్నా చిన్నవాళ్ల పని.

లచ్చమ్మ కట్టలతో బురదలోకి దిగింది. ఎవరి చెయ్యి ఖాళీ కాబోతుంటే వాళ్ల వెనక కట్ట పడింది. వంకర మొక్క కనబడ్డప్పుడల్లా వేళ్లు జిలపెట్టాయి. కట్టను గట్టిగా పట్టుకుని ఓర్చుకుంది. కొంతసేపటికి అన్నమ్మ తన వరుస వంక చూసి, ఇక దిద్దేవాళ్లు లేరని తెలిసి, తన మొక్క తానే పీకి సరిగ్గా పెట్టింది.

మరునాడు పొద్దు ఇంకా బారెడుండగానే మూడో మడి నిండింది. పటేలు వచ్చి వరుసలు చూసి, ఒంటినిండా బురదతో నిలబడ్డ లచ్చమ్మను కట్టలు మోసే పిల్ల అనుకుని అన్నాడు. "ఏయ్ పిల్లా, మీ పెద్దను పిలువు. వచ్చే ఏటి మాట మాట్లాడాలె."

లచ్చమ్మ నోరు తెరిచేలోపే అన్నమ్మ అందుకుంది. "గామెనే మా పెద్ద, పటేలా! మా గుంపుల కట్టలు పెద్దనే మోస్తది. ఎన్కటి కాలం సంది గంతే!"

లచ్చమ్మ బిత్తరపోయి అత్త వైపు చూసింది. నలభై ఏళ్లలో ఒక్క కట్టయినా మొయ్యని ముత్తమ్మ, తల పైకెత్తి పటేలు కళ్లలోకి చూసింది.

"అవ్ పటేలా. మా తాన గదే రివాజు."