జల్లెడ ఎడమ చెయ్యి

గనిలో అతన్ని అందరూ జల్లెడ అనేవారు. సొంత పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. ఇరవయ్యో ఏట పనిలో చేరినప్పుడు అతన్ని ఏరుడు బెల్టు దగ్గర నిలబెట్టారు. గనిలోంచి పైకి వచ్చిన బొగ్గు రబ్బరు బెల్టు మీద సాగిపోతుంటే, రెండు పక్కలా నిలబడ్డ మనుషులు అందులోని రాళ్ళను చేత్తో ఏరి పారేయాలి. తొమ్మిదేళ్ళు అదే పని. కబుర్లు చెబుతూ, వెనక్కి తిరిగి ఎవరినో ఆటపట్టిస్తూ కూడా ఒక్క రాయిని పోనిచ్చేవాడు కాదు. ఆ పేరు వచ్చింది అక్కడే.

తరవాత ఏరుడు బెల్టు దండగని ఎత్తేశారు. అతన్ని రైలు సైడింగులో శాంపిల్ తీసే పనికి మార్చారు. వ్యాగన్లలో నింపిన బొగ్గును అక్కడక్కడా మోకాలి లోతు తవ్వి, పారతో తీసి, అంతా కలిపి, దంచి, చివరికి ఒక చిన్న సంచెడు చేసి గని ల్యాబుకి పంపాలి. ల్యాబులో దాన్ని కాల్చి, నూటికి ఎంత బూడిద మిగిలిందో చూస్తారు. బూడిద తక్కువైతే మంచి బొగ్గు, ఎక్కువైతే నాసి బొగ్గు. ధర కట్టేది దాన్నిబట్టే. పదకొండేళ్ళుగా ఆ సంచి మూతి మీద లక్క ముద్ర వేసేది జల్లెడే.

బొగ్గు వెళ్ళేది ఆరు కిలోమీటర్ల అవతలున్న కరెంటు ప్లాంటుకి. దింపుకునేటప్పుడు వాళ్ళ శాంపిల్ వాళ్ళు తీసుకుంటారు. అక్కడి కెమిస్టు బక్కపలచటి మనిషి, నెమ్మదస్తుడు. కొత్తలో ఒకసారి అంకెల్లో ఏదో తేడా వచ్చిందని వాదించడానికి సైడింగుకి వచ్చాడు. రెండు గంటలు వాదించాడు గాని ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. ఆ సాయంత్రం జల్లెడ ఇంటికెళ్ళి భార్యతో, "మీ చెల్లెలికి సంబంధం చూశాను. కొలిచేది బూడిదే గాని బుద్ధి మాత్రం బంగారం" అన్నాడు.

తల్లి పోయాక ఆ చెల్లెల్ని పెంచింది అక్కే. అందుకని పెళ్ళయ్యాక కూడా దూరం పంపలేదు. ఒకే ఇంట్లో కింది వాటాలో అక్క, పై వాటాలో చెల్లెలు. మామగారూ లేరు, అత్తగారూ లేరు. అలిగితే బతిమాలేవాళ్ళు లేరు కనక తోడల్లుళ్ళిద్దరూ అలగడం నేర్చుకోలేదని అక్క నవ్వేది. ఆదివారం మధ్యాహ్నం నలుగురూ కింది వాటాలోనే తినేవారు. ఎనిమిదేళ్ళు అలా సాగింది.

అప్పుడు గనిలోకి కొత్త కోత యంత్రం దిగింది. పాతకాలపు మనిషిలా అది బొగ్గు పొర ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూసుకోదు. పైనున్న రాతినీ కిందున్న రాతినీ కలిపి కోసుకుంటూ పోతుంది. ఉత్పత్తి రెట్టింపయిందని గేటు దగ్గర బోర్డు పెట్టారు. ఆ నెల నుంచే అంకెలు కలవడం మానేశాయి. బూడిద నూటికి ఇరవై ఎనిమిది అని గని అంటే, ముప్పై ఆరు అని ప్లాంటు అంది. ఒకటో రెండో తేడా ఎప్పుడూ ఉండేదే, ఎవరూ పట్టించుకోలేదు. ఎనిమిదంటే ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నట్టే.

ఉత్తరాలు మొదలయ్యాయి. పై వాటా మనిషి సంతకం పెట్టిన కాగితం ప్లాంటులో స్టాంపు వేయించుకుని, ఆరు కిలోమీటర్లు ప్రయాణం చేసి, గని ఆఫీసులో ఇంకో స్టాంపు వేయించుకుని కింది వాటా మనిషి చేతికి వచ్చేది. మూడో ఉత్తరంలో ఒక మాట ఉంది: "శాంపిల్ తీసే పద్ధతిపై మాకు అనుమానం కలుగుతోంది."

ఆ కాగితాన్ని జల్లెడ మడిచి చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. భార్య ముందు పరిచాడు.

"ఇరవై ఏళ్ళు. నా చేతికి మసి అంటింది గాని మచ్చ అంటలేదు. ఆ మాట రాసింది ఎవరో చూడు."

"ఆఫీసు రాయమంటే రాసుంటాడండీ."

"ఆఫీసుకి చెయ్యి లేదు. రాసిన చెయ్యి మనింట్లో అన్నం తిన్నదే."

ఆ రోజు నుంచి తమ్ముడూ అన్న పిలుపు పోయి కెమిస్టుగారూ అన్నది వచ్చింది. అదీ నేరుగా కాదు. కెమిస్టు మెట్ల మీద మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నా సరే, జల్లెడ భార్యతోనే చెప్పేవాడు. "ట్యాంకు నిండిందట, మోటారు ఆపమని కెమిస్టుగారికి చెప్పు."

"ఆపానని అన్నయ్యకి చెప్పండి వదినా" అనేవాడు కెమిస్టు. అతను మాత్రం అన్నయ్య అనడం మానలేదు. అది జల్లెడకి ఇంకా మంట.

ఆదివారం భోజనాలు ఆగిపోయాయి. అక్కాచెల్లెళ్ళు మధ్యాహ్నాలు మెట్ల మధ్యలో కూర్చునేవారు, ఒకరి గిన్నె ఇంకొకరికి అందించుకుంటూ.

"బొగ్గు ఒకళ్ళది, బూడిద ఇంకొకళ్ళది. మసి మాత్రం మనిద్దరికీ" అంది అక్క.

"మా ఆయన అబద్ధం రాయడక్కా."

"మా ఆయన అబద్ధం ఆడడే."

"మరి బొగ్గే అబద్ధమాడుతోందా?"

అక్క, "ఏమోనే, దాని మొహం చూస్తే తెలీదుగా" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. తరవాత చెల్లెలు కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

నాలుగో నెలలో ప్లాంటు తేల్చి చెప్పింది. ఈ తేడా సంగతి తేలకపోతే ఓడల మీద వచ్చే బొగ్గు కొనుక్కుంటామని. అదే జరిగితే గనిలో రెండో షిఫ్టు మూసేయాలి. మూడు వందల మంది. మంగలి షాపులో, కూరగాయల బండి దగ్గర, బడి గేటు ముందు ఆ మాటే. ఒకరోజు కూరగాయలామె జల్లెడ భార్య సంచిలో రెండు వంకాయలు ఎక్కువ వేసి, "మీవారిని గట్టిగా నిలబడమని చెప్పమ్మా" అంది. ఆ వంకాయలు ఆవిడకి ఇంటిదాకా బరువుగానే ఉన్నాయి.

చివరికి రెండు పక్షాలవాళ్ళూ కలిసి ఒకే శాంపిల్ తీయాలని ఒప్పందమైంది. పదహారు వ్యాగన్లు. తీసేది జల్లెడ, పక్కనుండి చూసేది కెమిస్టు. సరిగ్గా తీశారని ఆఖర్న ఇద్దరూ సంతకాలు పెట్టాలి. పట్టాల పక్కన గొడుగు కింద గని మేనేజరూ ప్లాంటు ఆఫీసరూ కుర్చీలు వేయించుకుని కూర్చున్నారు.

ఉదయం పది గంటలకు ఇద్దరూ మొదటి వ్యాగన్ ఎక్కారు. జల్లెడ గుంట తవ్వాడు, పార నింపాడు, సంచిలో పోశాడు. రెండో వ్యాగన్ కూడా అంతే. కెమిస్టు నోట్సు రాసుకోవడానికి తెచ్చిన పుస్తకం తెరిచాడు గాని ఏమీ రాయలేదు.

మూడో వ్యాగన్లో కెమిస్టు, "అన్నయ్యా, పార ఇలా ఇవ్వండి. నేను తీస్తాను" అన్నాడు.

జల్లెడ ఆగాడు. నాలుగు నెలల తరవాత మొదటిసారి నేరుగా మాట్లాడాడు. "ఏం, కెమిస్టుగారికి నా పార మీద కూడా అనుమానమా?"

కెమిస్టు కిందికి చూశాడు. గొడుగు కింద ఇద్దరూ టీ తాగుతున్నారు. అతను దగ్గరికి వచ్చి, బాగా గొంతు తగ్గించి అన్నాడు. "పార మీద కాదు. మీ ఎడమ చెయ్యి ఒకసారి చూసుకోండి."

జల్లెడ చూసుకున్నాడు. ఎడమ చేతిలో ఒక రాయి ఉంది. బూడిదరంగు, పలకలా చదునుగా, నిమ్మకాయంత. పార మీంచి తీసి విసిరేయబోతున్న చెయ్యి, మధ్యలో ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూశాడు. గుంట పక్కన, అతని ఎడమ వైపున, అలాంటివే ఇంకో ఏడెనిమిది పడి ఉన్నాయి. అవి అక్కడికి ఎలా వచ్చాయో అతనికి గుర్తు లేదు. తొమ్మిదేళ్ళు బెల్టు దగ్గర నేర్చిన పని చెయ్యి మరిచిపోలేదు. మనిషికి చెప్పకుండా చేసుకుపోతోంది. పాత బొగ్గులో రాయి తక్కువ కనక ఒకటీ రెండూ తేడా వచ్చేది. కొత్త యంత్రం రాళ్ళు కుమ్మరిస్తోంది, ఈ చెయ్యి తీరిగ్గా ఏరి పారేస్తోంది.

అతను గుంట అంచున కూర్చుండిపోయాడు.

"నేను కావాలని..." అన్నాడు.

"నాకు తెలుసన్నయ్యా. అందుకే ఇంత మెల్లిగా చెప్పాను."

కింది నుంచి మేనేజరు, "ఏమిటయ్యా, ఆగిపోయారు?" అని అడిగాడు.

జల్లెడ లేచి నిలబడ్డాడు. రాయిని పార మీద తిరిగి పెట్టాడు. "మొదటి రెండు వ్యాగన్లూ మళ్ళీ తీయాలి సార్. నేను సరిగ్గా తీయలేదు" అని అందరికీ వినపడేలా చెప్పాడు. మిగిలిన పని అంతా ఎడమ చేతిని పార కర్రకే అంటిపెట్టుకుని చేశాడు. మధ్యాహ్నం మూడయింది అయ్యేసరికి. రెండు ల్యాబుల్లోనూ ఒకే అంకె వచ్చింది, ముప్పై అయిదు.

మేనేజరు అతన్ని గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, ఎడమ చేతి సంగతంతా విన్నాడు. చెడ్డవాడేం కాదు. రెండో షిఫ్టు గురించి నిద్రలేని మనిషి.

"ఇవాళ్టి బొగ్గులో రాయి ఎక్కువ పడిందని రాసేద్దాం. పాత సంగతి నీకూ నాకూ తెలుసు, అది చాలు."

"మూడో మనిషికీ తెలుసు సార్. మా పై వాటాలో ఉంటాడు."

"అతను బయటపెడతాడంటావా?"

"పెట్టడు. అదే నా బాధ."

మేనేజరు కలం అతని ముందుకు తోశాడు. జల్లెడ నాలుగు వాక్యాలు రాశాడు. రాళ్ళు ఏరడం నా చేతికి అలవాటు. శాంపిల్ తీసేటప్పుడు కూడా ఏరాను. ఏరుతున్నట్టు నాకు తెలియదు. ప్లాంటు అంకెలే సరైనవి. సంతకం పెట్టి, చదివి, కింద తారీఖు వేశాడు.

సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులు విప్పకుండానే మెట్లెక్కాడు. తలుపు తీసిన మరదలు, "బావా" అని పక్కకి జరిగింది. కెమిస్టు కుర్చీలోంచి లేచాడు. మొహం చూస్తే పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేదు.

"తమ్ముడూ, మూడో వ్యాగన్ దాకా ఎందుకాగావు?"

"మొదటిదాంట్లో చూశాను, నమ్మలేదు. రెండోదాంట్లో నమ్మాను, ఎలా చెప్పాలో తెలీలేదు."

"మూడోదాంట్లో?"

"ఆఖర్న సంతకం పెట్టాలి కదన్నయ్యా."

జల్లెడ తల ఊపాడు. ఆ జవాబు అతనికి నచ్చింది. మొహమాటానికి ఇంకో మాట చెప్పి ఉంటే నచ్చేది కాదు. గోడ వైపు చూస్తూ, "నాలుగు నెలలు నిన్ను కెమిస్టుగారూ కెమిస్టుగారూ అని చంపాను" అన్నాడు.

"నేను కెమిస్టునేగా. తప్పు పేరుతో ఏం పిలవలేదు."

మరదలు ముందు నవ్వింది. ఆ నవ్వు విని కింది నుంచి అక్క, "మీరు దిగుతారా, నన్ను ఎక్కమంటారా? అన్నం చల్లారిపోతోంది" అని కేకేసింది. ఆదివారం కాకపోయినా ఆ పూట నలుగురూ కలిసి తిన్నారు. తోడల్లుళ్ళు అలగడం కూడా నేర్చుకున్నారు, ఇంక నేర్వాల్సింది లేదని అక్క వడ్డిస్తూ దెప్పింది.

గని బొగ్గు ధర కట్టే వరసలో రెండు మెట్లు కిందికి దిగింది. ఆ ఏడాది ఎవరికీ బోనస్ రాలేదు. అంకెలు కలిశాయి కనక ప్లాంటు ఓడ బొగ్గు జోలికి పోలేదు, రెండో షిఫ్టు నిలబడింది. అయినా మనుషులకి రాని బోనస్ కనపడినంతగా పోని పని కనపడదు. క్యాంటీన్లో జల్లెడ పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. "చెయ్యి ఊరుకోకపోతే నోరైనా ఊరుకోవాలి" అని వినపడేలా అనేవారు. అతను ఇంట్లో ఏమీ చెప్పలేదు గాని, సగం తినకుండా తిరిగొచ్చే అన్నం డబ్బా చూసి భార్యకి తెలిసిపోయింది. మర్నాటి నుంచి ఇద్దరికి సరిపడా కట్టింది.

"ఇంత ఎవరు తింటారు?"

"కూర్చున్నవాడు తింటాడు. కూర్చోకపోతే వాసన చూసి ఏడుస్తాడు."

రెండో నెలలో ఒక మధ్యాహ్నం లోకో డ్రైవరు ఎదురుగా కుర్చీ లాక్కుని, "మా ఆవిడ పుట్టింటికెళ్ళింది. నీ మీద కోపం మా ఆవిడ వచ్చాక పడతాలే" అని డబ్బా మూత తీశాడు. తరవాత ఇంకొకడు వచ్చాడు.

వానాకాలానికి ముందే మేనేజరు ఏరుడు బెల్టు మళ్ళీ వేయించాడు. యంత్రం కోసిన రాయిని ఏరకపోతే బొగ్గు పైమెట్టు ఎక్కదని ఆయనకి లెక్కలో తేలింది. ముప్పై మందిని తీసుకున్నారు, అందులో ఆడవాళ్ళే ఎక్కువ. వాళ్ళకి పని నేర్పమని జల్లెడని మేస్త్రీగా వేశారు. సైడింగులో శాంపిల్‌కి వేరే మనిషి వచ్చాడు, చిన్నప్పటి నుంచీ రాయి ఏరి ఎరగనివాడు. ఆ అర్హత కెమిస్టే చెప్పాడట.

ఇప్పుడు నెలాఖరున అంకెలు ఒకటో ఒకటిన్నరో తేడా వస్తూనే ఉంటాయి. ఆదివారం కంచాల ముందు తోడల్లుళ్ళు దాని గురించి వాదించుకుంటారు. చెమ్మ అంటాడు ఒకడు, దుమ్ము అంటాడు ఇంకొకడు. ఆ ఒకటిన్నర ఎటు పోయిందో తేలేదాకా లేచేది లేదని మొండికేస్తే, అక్కాచెల్లెళ్ళు చేతులు కడుక్కుని, గొడుగు తీసుకుని బజారుకి బయల్దేరతారు. తిరిగొచ్చేసరికి వాదన ఎక్కడ వదిలారో అక్కడే ఉంటుంది. కూరగిన్నె మాత్రం ఖాళీ.