చెమట పట్టని తమ్ముడు

మా నాన్న ఇన్నయ్య బందరు కాలవ మీద లాకు లస్కరు. లాకు తలుపులు తెరిచి పడవలను దాటించడం, పై నుంచి ఉత్తరువు వస్తే నీళ్ళు వదలడం, కట్టేయడం ఆయన పని. లాకు పక్కనే సర్కారు కట్టిన రెండు గదుల పెంకుటింట్లో ఉండేవాళ్ళం. పంతొమ్మిదివందల డెబ్బైల్లో ఆ కాలవ మీద ఇంకా గడ్డి పడవలు, ఇటుక పడవలు తిరుగుతూ ఉండేవి. పడవ లాకులో ఆగి నీటిమట్టం సమానమయ్యేదాకా పడవవాళ్ళు మా అమ్మ అమలమ్మను మజ్జిగ అడిగి తాగేవాళ్ళు. ఆ కాసేపట్లోనే ఊళ్ళ కబుర్లన్నీ మాకు తెలిసిపోయేవి.

మా తమ్ముడు రాయప్ప నాకంటే ఆరేళ్ళు చిన్న. పొద్దెక్కిందంటే రేవు మెట్టు మీద మెడదాకా నీళ్ళలో కూర్చునేవాడు. అన్నానికి పిలిచినా వచ్చేవాడు కాదు. ఐదేళ్ళు వచ్చినా వాడి నోట్లో రెండే పళ్ళు, అవీ మేకుల్లా సన్నగా, కోసుగా. తలమీద నాలుగు పలచటి వెంట్రుకలు, కనుబొమలు అసలే లేవు. పడవవాళ్ళకు వాడంటే ముద్దు. "ఏం ముసలాయనా, నీళ్ళు చల్లగా ఉన్నయ్యా?" అని అడిగేవాళ్ళు. "దిగి చూడు" అనేవాడు వాడు.

ఏటా ఏప్రిల్లో కాలవలు కట్టేస్తారు. మళ్ళీ జూన్‌లోనే నీళ్ళు. కాలవ ఎండిన వారానికల్లా రాయప్పకు ఒళ్ళు పెనంలా కాలేది. ఊరి డాక్టరు ఒక ఏడు మలేరియా అన్నాడు, ఒక ఏడు టైఫాయిడ్ అన్నాడు. మా నాయనమ్మ శౌరమ్మ మాత్రం ఏ ఏడైనా ఒకే మాట అనేది: "మా వంశంలో ఇట్టాంటి పిల్లలు పుట్టలా." ఆ మాట విన్నప్పుడల్లా అమ్మ పొయ్యి దగ్గరకు వెళ్ళి, పని లేకపోయినా అక్కడే కూర్చునేది.

డెబ్బయినాలుగులో కాలవ కట్టేసిన పదో రోజున రాయప్పకు ఫిట్లు వచ్చాయి. నాన్న వాణ్ణి భుజాన వేసుకుని బందరు రోడ్డెక్కి బస్సు ఆపాడు. అమ్మా నేనూ వెనకాలే పరిగెత్తాం. బెజవాడలో ఆసుపత్రి చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఒక నర్సు వాడి మీద తడి దుప్పటి కప్పి, ఫ్యాను కింద మంచం వేయించింది. ఆమె పేరు మార్త. గంటలో జ్వరం దిగిపోయింది. మందు ఇంకా ఇవ్వనే లేదు.

అప్పుడు వచ్చారు రామకోటేశ్వరరావుగారు. చర్మవ్యాధుల డాక్టరు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవారు, జేబుకు ఎప్పుడూ సిరా మరక. పుట్టుకతో పిల్లలకు వచ్చే చర్మం జబ్బుల మీద ఆయన పరిశోధన చేస్తున్నారని తర్వాత తెలిసింది. రాయప్ప వీపు మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే ఉంచారు. నోరు తెరిపించి చూశారు. తర్వాత అమ్మవైపు తిరిగారు.

"అమ్మా, ఈ పిల్లాడికి ఎప్పుడైనా చెమట పట్టిందా?"

అమ్మ వాడి నుదురు తడిమి చూసింది. మా అందరి మొహాలూ చెమటతో కారిపోతున్నాయి. రాయప్ప నుదురు పొడిగా, గోడలా ఉంది. ఐదేళ్ళు ఒళ్ళో పెట్టుకుని పెంచిన పిల్లాడు.

"లేదండీ," అంది అమ్మ. "నేను చూసుకోలేదండీ."

"చూసుకోకపోవడం ఏమిటమ్మా? కాలవలో కూర్చోనిచ్చి ఇన్నాళ్ళూ బతికించుకున్నారు. మేం పుస్తకంలో చదివింది వాడు తనంతట తనే కనిపెట్టుకున్నాడు."

ఒంట్లో చెమట గ్రంథులు లేకుండా పుట్టే పిల్లలు ఉంటారని, వాళ్ళకు పళ్ళు, జుట్టు కూడా సరిగా రావని ఆయన చెప్పారు. లక్షమందిలో ఒకడు కూడా ఉండడట. నాన్న చేతులు కట్టుకుని విన్నాడు. "మందుందా అండీ?" అని ఒక్కటే అడిగాడు.

"లేదు ఇన్నయ్యా. నీళ్ళే మందు."

మరుసటి ఆదివారం చర్చిలో పూజ నుంచి మేం తిరిగి వచ్చేసరికి డాక్టరుగారి స్కూటరు లాకు దగ్గర ఉంది. వెనక సీటు మీద మార్త, ఒళ్ళో మందుల పెట్టె. ఆయన వేపచెట్టు కింద మంచం మీద కూర్చుని మా వంశవృక్షం గీయడానికి పెద్ద కాగితం పరిచారు. ఆడవాళ్ళకు సున్నా, మగవాళ్ళకు చదరపు డబ్బా. జబ్బున్నవాళ్ళ డబ్బాను నల్లగా నింపాలి. నాకు అప్పుడు పదకొండేళ్ళు. నా చేతిరాత బాగుందని పేర్లు రాసే పని నాకిచ్చారు. ఆ కాగితం మీద మా చుట్టాలందర్నీ ఒక్కచోట చూసినప్పుడు కలిగిన సంబరం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అమ్మ చెబుతూ పోయింది. ఆమె తమ్ముళ్ళు ఇద్దరు, ఇద్దరూ పాలు తాగే వయసులోనే వేసవి జ్వరాలకు పోయారు. రెండు నల్ల డబ్బాలు. వాళ్ళమ్మకు ఒక అన్న, అంతోని. చేపలు పట్టేవాడు.

"ఆయనక్కూడా పళ్ళు లేవండీ. బోసి అంతోని అనేవాళ్ళు. ఎప్పుడూ ఏట్లోనే ఉండేవాడు. నా చిన్నప్పుడు ఈతపళ్ళు తెచ్చిపెట్టేవాడు."

"ఎన్నేళ్ళు బతికాడు?"

"అరవై దాటినై అండీ. నా పెళ్ళికి వచ్చాడు."

డాక్టరుగారు పెన్ను ఆపారు. "అరవయ్యా!" అని ఆ డబ్బా కింద రెండు గీతలు గీశారు. ఆయనకు అది పరిశోధనలో పనికొచ్చే ముక్క. అమ్మ మాత్రం కాగితం వైపు చూడలేదు. ఇసుకలో గుంట తవ్వుకుంటున్న రాయప్పను చూస్తూ, "అయితే మావాడూ బతుకుతాడు" అంది తనలో తాను.

తర్వాత మార్త అమ్మను లోపలి గదిలోకి తీసుకెళ్ళి, తలుపుకు చీర అడ్డం కట్టింది. ఎండలో కాసేపు నిలబెట్టి తెచ్చిన అమ్మ వీపు మీద అయోడిన్ పూసి, ఆరాక గంజిపొడి చల్లింది. చెమట పుట్టినచోటల్లా నల్లటి నీలం చుక్కలు లేవసాగాయి. చూస్తుండగానే వీపంతా నీలమైంది. కానీ అక్కడక్కడ వంపులు తిరిగిన చారలు తెల్లగానే మిగిలిపోయాయి. అక్కడ చెమట లేదు. మార్త ఆ చారలను కాగితం మీద జాగ్రత్తగా గీసి బయటకు తీసుకెళ్ళింది.

ఆ బొమ్మ చూసి డాక్టరుగారు దాచకుండా చెప్పారు. "ఇది తల్లి వైపు నుంచి వస్తుందమ్మా. మీ అమ్మ నుంచి మీకు, మీ నుంచి వాడికి. ఆడవాళ్ళకు పెద్దగా పైకి కనబడదు. కొడుకులకు సగం మందికి వస్తుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. చామనఛాయ వచ్చినట్టు వచ్చింది."

"నా నించేనా అండీ?" అంది అమ్మ.

గుమ్మంలో ఉన్న నాయనమ్మ అందుకుంది. "నే చెప్పలా? మా వంశంలో..."

నాన్న ఎప్పుడూ గొంతు పెంచేవాడు కాదు. ఆ రోజూ పెంచలేదు. "అమ్మా, వంశం సంగతి తర్వాత. వాడికి నీళ్ళు కావాలంట. చేదబావిలో నీళ్ళెన్ని ఉన్నయ్యో చూసిరా పో."

నాయనమ్మ కదల్లేదు. బావి వైపు మాత్రం ఒకసారి చూసింది.

"ఈ పాపకు కూడా ఒకసారి చూద్దాం" అన్నారు డాక్టరుగారు నన్ను చూపిస్తూ. అమ్మ ఒక్క అంగలో వచ్చి నన్ను వెనక్కి లాక్కుంది. "వద్దండీ. రేపు దానికి పెళ్ళి కావాలి. మీ కాగితంలో దాని సున్నా తెల్లగానే ఉంచండి." ఆయన మారుమాట లేకుండా కాగితం మడిచారు.

ఆ వారంలోనే నాన్న బావిలో దించే సిమెంటు ఒర ఒకటి దొర్లించుకొచ్చి వేపచెట్టు నీడలో సగందాకా పాతాడు. అడుగున సిమెంటు మెత్తి, బావినీళ్ళతో నింపాడు. ఆ ఏడు మొదలు కాలవ కట్టేసినా రాయప్పకు జ్వరం రాలేదు. బడిలో తడి చొక్కాతో కూర్చోనివ్వమని డాక్టరుగారు హెడ్మాస్టరుకు ఉత్తరం రాశారు. బల్ల పక్కన బక్కెట్టు పెట్టుకుని, గంటకోసారి తువ్వాలు ముంచి కప్పుకుని వాడు లెక్కలు చేసేవాడు. ఎండలు ముదిరేసరికి క్లాసులో పిల్లలంతా వాడి పక్కన చోటుకు కొట్టుకునేవాళ్ళు. నాలుగో క్లాసులో కట్టుడుపళ్ళు కూడా వచ్చాయి. వాటితో మొదట జంతిక కొరికి, ఆ చప్పుడుకు వాడే ఉలిక్కిపడ్డాడు. నాయనమ్మ ఆ రోజు ఇంకో రెండు వాయిలు వేసింది.

డెబ్బయ్యెనిమిదిలో డాక్టరుగారికి బదిలీ అయింది. చెప్పి వెళ్దామని, మందుల పెట్టెతో మార్తను వెంటబెట్టుకుని వచ్చారు. తను రాసింది అచ్చయిన పుస్తకం తెచ్చారు. అందులో మా కాగితం, డబ్బాలు, సున్నాలు అన్నీ ఉన్నాయి, పేర్లు మాత్రం లేవు. పక్క పేజీలో రాయప్ప ఫోటో. కళ్ళ మీద అడ్డంగా నల్ల పట్టీ.

"కళ్ళెందుకు మూశారండీ?" అంది అమ్మ.

"ఎవరూ గుర్తుపట్టకుండా అమ్మా. అది పద్ధతి."

"గుర్తుపడితే ఏమవుద్దండీ? మావాడేం తప్పు చేశాడు?"

ఆయన పుస్తకం మూసి పక్కన పెట్టారు. తర్వాత సంచిలోంచి పట్టీ లేని అసలు ఫోటో తీసి అమ్మ చేతిలో పెట్టారు. రాయప్ప చిన్నప్పటి ఫోటో మాకు అదొక్కటే మిగిలింది.

అమ్మ దాన్ని చాలాసేపు చూసింది. చూసి, నా భుజం పట్టుకుని ముందుకు నెట్టింది. "అప్పుడు వద్దన్నానండీ. ఇప్పుడు దీనిక్కూడా చూడండి. తెలుసుకోవడమే మంచిది."

నా వీపు మీద కూడా తెల్లచారలు మిగిలాయి. మార్త గీసిన బొమ్మ చూసి నేను ఏడుస్తుంటే అమ్మ జడ విప్పి మళ్ళీ అల్లుతూ కూర్చుంది. "కట్టుకునేవాడికి నేనే చెబుతా తెరేసా. దాచి చెయ్యను" అంది.

మూడేళ్ళకు నాకు సంబంధాలు చూడటం మొదలయ్యాక అన్నట్టే చెప్పింది. రెండు సంబంధాలు విని వెనక్కి పోయాయి. నాయనమ్మ తల బాదుకుంది. మూడోసారి భవానీపురం నుంచి జక్కయ్య అనే ఆయన వచ్చారు. ప్రెస్సులో అక్షరాలు కూర్చే పని. అమ్మ కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, తన తమ్ముళ్ళ దగ్గర్నుంచి రాయప్ప దాకా మొత్తం చెప్పింది. పుట్టే మగపిల్లల్లో సగం మందికి రావచ్చని కూడా చెప్పింది. ఆయన గ్లాసు కింద పెట్టి కొంచెం ఆలోచించారు.

"మా వీధిలో కుళాయి ఉందండీ," అన్నారు. "రెండుపూటలా నీళ్ళొస్తయ్."

నాన్న నవ్వడం నేను చూసింది తక్కువ. ఆ రోజు లాకు తలుపు ఆనుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. రాయప్ప ఒరలోంచి లేచి, నీళ్ళు కారుతున్న చేత్తోనే జక్కయ్యగారికి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.