పళ్ళెంలో ఆఖరి ముక్క

మంగళవారం వస్తే చర్చి పక్క గదిలో ఆడవాళ్ళంతా చేరి ఊలు మేజోళ్ళు అల్లేవారు. ఒకరు పుస్తకం చదివితే మిగతావాళ్ళు వినేవారు. ఆ వారం చదవాల్సింది ఆ ఊరి తోర్దిస్ రాసిన పుస్తకం. యుద్ధకాలంలో జర్మన్ల జైల్లో తాను పడ్డ పాట్లన్నీ అందులో రాసింది. దాన్ని పైకి చదివితే విన్నవాళ్ళకి నిజంగానే ఆ జైలు ఆకలే వేస్తుంది. ట్రాండ్‌హైమ్ పట్నంలో పుస్తకాల కొట్టువాడు పుస్తకంతో పాటు ఒక బన్ను కూడా చుట్టి ఇస్తున్నాడు. అందుకే సంఘం పెద్ద బోర్గిల్ ముందుగానే రెండు పళ్ళేల నిండా వాఫిళ్ళనే తీపి అట్లు కాల్పించి పెట్టింది.

తోర్దిస్ గుమ్మం దగ్గర కూర్చుంది. బడి వంటగదిలో పని అడగడానికి వచ్చింది. ఆ వంటగది పెత్తనం కూడా బోర్గిల్‌దే. పని ఇవ్వకూడదని ఆమె ఇంటి దగ్గరే నిశ్చయించుకుంది. ఎందుకివ్వాలి? తోర్దిస్‌తో పాటు జైల్లో ఉండి చచ్చిపోయిన మారెన్, బోర్గిల్ సొంత చెల్లెలు.

"మా మారెన్ పోయిన పేజీ చదవవే ఓలీనా," అంది బోర్గిల్.

ఓలీనా నిండు చూలాలు. ఆయాసపడుతూనే చదివింది. "మారెన్ ఇంకా ఊపిరి తీస్తూనే ఉంది. ఆమె గుప్పిట్లోంచి రొట్టె లాక్కుని తిన్నాను. బతికాను."

"విన్నారుగా. పిల్లల తిండి దీని చేతిలో పెడదామా? నేనైతే ప్రాణం పోయినా ఆ పని చెయ్యను," అంది బోర్గిల్.

"మేం మాత్రం చేస్తామా అక్కా? పైగా సిగ్గులేకుండా అచ్చేయించుకుంది," అన్నారు మిగతా ఆడవాళ్ళు.



ఓలీనా చదువుతూ పోయింది. ఆకలి రానే వచ్చింది. పళ్ళేలు ఖాళీ అయ్యాయి, ఒక్క ముక్క మిగిలింది. ఆ ఊళ్ళో ఆఖరి ముక్క ముట్టుకుంటే పరువు పోయినట్టే. దాన్ని చూస్తూ అందరూ గుటకలు మింగారు. చివరికి, కడుపుతో ఉన్న పిల్ల కదా అని, ఓలీనా చేతిలో పెట్టారు.

బోర్గిల్ కళ్ళు బైర్లు కమ్మాయి. తేరుకునేసరికి ముక్క తన నోట్లో ఉంది. ఓలీనా వేళ్ళ మీద తన గోళ్ళ గీతలు ఎర్రగా ఉన్నాయి. సూదులు ఆగిపోయాయి. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అయినా నమలడం మానలేకపోయింది.

"మెల్లిగా నమలండి," అంది తోర్దిస్. ఆ ఆకలి ఆమెకి కొత్త కాదు. "గబగబా మింగితే రాత్రంతా కడుపునొప్పి. నాకొచ్చింది."

బోర్గిల్ మింగేసి, నడుముకున్న వంటగది తాళాలు తీసి ఆమె ఒళ్ళోకి విసిరింది.

"నిన్ను క్షమించాననుకోకు. పాలబండి తెల్లవారకముందే వస్తుంది. ముందు పిల్లలకి పెట్టు. నన్ను మాత్రం ఆ వంటగదిలోకి రానివ్వకు."