ఎడమ భుజం కుట్టు

ఎడమ భుజం కాస్త కిందికి జారింది, వేలెడు కూడా కాదు, బట్ట సంగతి తెలిసినవాడికి తప్ప ఇంకెవరికీ కనపడదు, కానీ సిరొంచ కోర్టు వరండాలో స్తంభం చాటున నిలబడ్డ పోచన్నకు అదే కనపడుతోంది, బిడ్డ ముఖం కనపడటం లేదు, బిడ్డ చేతిలోని కాగితాలు కనపడటం లేదు, తాను కుట్టిన నల్లకోటు ఎడమ భుజం ఒక్కటే కనపడుతోంది, బాపూ, గీ భుజం జర సరిచేసియ్యరాదే అని ఆశ అడిగి నెలలైంది, చూద్దాం తియ్ బిడ్డా అని మిషన్ మీది నుంచి తల కూడా ఎత్తకుండా అన్నాడు, అంకిసలో ఊరందరి జాకెట్లూ లాగులూ కుట్టే చెయ్యి, నాలుగు కుట్లు విప్పి మళ్లీ వేస్తే అయిపోయే పని, ఎందుకు చెయ్యలేదో అతనికి తెలుసు, తెలిసినా ఇప్పుడు ఆ సంగతి తలవదలుచుకోలేదు, ఇప్పుడు తలవాల్సింది ఆమెతో ఏమనాలో, ఎట్ల మొదలుపెట్టాలో, బస్సులో కూచున్నంతసేపూ మాటలు పేర్చుకున్నాడు, బస్సు దిగేసరికి అన్నీ జారిపోయాయి, మిగిలింది చాయ్ హోటల్ దగ్గర వెంకటేశ్వర్ అన్న మాటే, గుడి పెద్దమనిషి, ఎప్పుడూ గట్టిగా మాట్లాడనివాడు ఆ రోజు నలుగురు వినేటట్టు అన్నాడు, ఏం పోచన్నా, ఎల్లమ్మ తల్లి కండ్లు ఎత్తుకపోయినోనికి నీ బిడ్డనే వకీలట గదా, మరి ఫీజు ఏమిస్తుండట, గా వెండి కండ్లేనా, అందరూ నవ్వారు, చాయ్ పోసేవాడు గిన్నె పట్టుకునే నవ్వాడు, పోచన్న కూడా నవ్వాడు, అవును, తాను కూడా నవ్వాడు, ఆ నవ్వు ఆగినాక వెంకటేశ్వర్ దగ్గరికి జరిగి మెల్లగా అన్నాడు, జర చెప్పు పోరికి, ఆ కేసు ఇడిసిపెట్టుమను, లేకుంటే మంగళవారం భజనకు ఏ ముఖం పెట్టుకొని వస్తవో నువ్వే సోంచాయించుకో.

ఆ వెండి కండ్లు ఎవరివి, ఎల్లమ్మ తల్లివే, కానీ పెట్టింది పోచన్న, ఆశ చిన్నప్పుడు ఒక ఎండాకాలం కండ్లు పుసికట్టి అతుక్కుపోయాయి, పొద్దున లేస్తే రెప్పలు విడేవి కావు, అవ్వా చీకటున్నది, దీపం పెట్టే అని పట్టపగలు ఏడ్చేది, దవాఖాన మందు వేస్తూనే పోచన్న పెండ్లాం సత్తవ్వ ఎల్లమ్మ తల్లికి మొక్కుకుంది, నా బిడ్డ కండ్లు నాకిస్తే నీకు కండ్లు పెడ్త తల్లీ అని, మందు పనిచేసిందో మొక్కు పనిచేసిందో, పోచన్న రెంటికీ దండం పెట్టేవాడే, కొలిమి దగ్గర కూచుని కంసాలితో దగ్గరుండి చేయించాడు, నల్లటి రాతి ముఖం మీద ఆ రెండు తెల్లటి కండ్లు అతికించిన రోజు ఒళ్లు జలదరించింది, తల్లి నా బిడ్డనే చూస్తుంది అనుకున్నాడు, ఏళ్ల తరబడి ప్రతి మంగళవారం తాళాలు వాయిస్తూ ఆ కండ్లకేసే చూసి పాడేవాడు, మొన్న గుడికి సున్నం వేయించారు, పెర్మిలి దిక్కు అడవిలోని ఒక ఊరి నుంచి జంగు అనే కూలీ వచ్చి వేశాడు, మాట తక్కువ, పని శుభ్రం, అతను వెళ్లిన కొద్ది రోజులకే గుడి తాళం పగిలింది, కండ్లు పోయాయి, పుస్తె పోయింది, రాతి ముఖం మీద జిగురు మరకలు మిగిలాయి, లోపల ఏముందో ఎర్కైనోడే చేసిండు అన్నారు, పొద్దుగూకేసరికి ఊరు ఊరంతా జంగు పేరే అంది, పోచన్న కూడా అన్నాడు, అతణ్ణి పట్టుకున్నారు, వకీలును పెట్టుకునే స్తోమత లేనివాళ్లకు కోర్టే ఒక వకీలును ఇస్తుందట, అట్ల ఇచ్చే వకీళ్లలో ఆశ పేరు ఉంది, ఇంతమంది వకీళ్లుండగా తల్లీ, నా బిడ్డకే రావాల్నా ఆ కేసు, నీ కండ్లు పోయినా నువ్వు చూస్తూనే ఉంటవు గదా, మరి ఇది చూసే చేసినవా.

పన్నెండో తరగతి అయినప్పుడే వేరే దారి పట్టించాల్సింది, అప్పుడు ఇంట్లో ఎన్ని మాటలు, సత్తవ్వ తమ్ముడు ప్రకాష్ వచ్చి కూచుని, పోలీసు భర్తీకి పొమ్మను బావా, ఎత్తున్నది, ఉరుకుతది, పొద్దుపొద్దున రోడ్డు మీద పోరగాండ్లు ఎట్ల ఉరుకుతున్నరో చూస్తలేవా, వర్దీ వేసుకొని వస్తే ఊరే లేచి నిలబడ్తది అన్నాడు, ఆశ నవ్వి, నేను ఉరికేది బస్సు తప్పిపోతదనే మామా, వకీలు చదువుత అంది, ఐదేండ్ల చదువు, నాగ్‌పూర్‌లో హాస్టల్, సెలవుల్లో వచ్చినప్పుడు తన మిషన్ పక్కన కూచుని కాజాలు కుడుతూ చెప్పేది, చదువు ఒక్కటే గానీ బాపూ, అయినాక దార్లు మస్తున్నయి, కంపెనీలకు కాగితాలు రాసిచ్చే వకీళ్లుంటరు, వాళ్లు కోర్టు గడప కూడా ఎక్కరు, భూమి కేసులే చూసేటోళ్లుంటరు, మొగుడు పెండ్లాల పంచాదులు చూసేటోళ్లుంటరు, సర్కారు వకీలు కావచ్చు, జైల్లో ఆఫీసర్ కావచ్చు, నెత్తురు మరకలు చూసి ఎవరివో చెప్పే లాబులో చేరొచ్చు, అందులో పోచన్నకు చెవిన పడ్డది ఒక్కటే, మరి జడ్జి ఎట్లయితరు బిడ్డా, ముందుగాల కొన్నేండ్లు వకీలు పని చెయ్యాలె బాపూ, అటెన్క పరీక్ష రాయాలె, అంతే, అతనికి మిగతావన్నీ మాసిపోయాయి, అంకిస నుంచి జడ్జి, పోచన్న దర్జీ బిడ్డ జడ్జి, గోదావరి ఒడ్డున ఒకరి పొలాల్లో నాట్లేసి బతికిన ఇంట్లో జడ్జి, ఆ నల్లకోటు కత్తిరిస్తున్నప్పుడు కూడా అదే ధ్యానం, అందుకే చెయ్యి తప్పింది కాబోలు, వకీలు కోటు అని కాదు, జడ్జి కుర్చీకి పోయే దారిలో నాలుగు రోజులు తొడుక్కునే అంగీ అని కుట్టాడు, నాలుగు రోజుల దానికి భుజం సరిచేయడం ఎందుకని, ఇదుగో, తలవదలుచుకోలేదన్న సంగతి ఇదే, దొంగల పక్కన నిలబడే కోటును బాగుచేసి ఇవ్వడానికి చెయ్యి రాలేదు.

పొద్దున చాయ్ తాగేటప్పుడు అడిగాడు, దొంగ దిక్కు నిలబడేటందుకేనా గింత చదువు, ఆశ గ్లాసు కింద పెట్టింది, వాడు దొంగ కాదని నేనంటలేను బాపూ, దొంగతనం చేస్తుంటే ఎవరు చూసిండ్రో చెప్పుండ్రి అంటున్న, తల్లి చూసింది అన్నాడు పోచన్న రోషంగా, తల్లి వచ్చి సాక్ష్యం చెప్తే నేనే కేసు ఇడిసిపెడ్త అంది ఆశ, పొయ్యి దగ్గర సత్తవ్వ ముందు నవ్వింది, తర్వాత గబగబా చెంపలేసుకుంది, మరి జడ్జి అయితా అంటివి గదనే అని పోచన్న అంటే, అప్పుడు కూడా గిట్లనే ఇద్దరి మాట ఇనాలె గదా బాపూ, ఒక్కల మాటిని చెప్పేదానికి జడ్జి ఎందుకు, చాయ్ హోటలే చాలు, చాయ్ హోటల్ సంగతి ఆమెదాకా వచ్చిందా, తాను నవ్విన సంగతి కూడా వచ్చిందా, ఆమె బస్సెక్కి పోయింది, వెనకాల బస్సుకు అతను.

బాపూ, అన్న పిలుపు వినపడి ఉలిక్కిపడ్డాడు, ఆశ కాదు, ఒక ముసలమ్మ, మెళ్లో పూసల దండలు, చేతిలో చిన్న గుడ్డమూట, గోండు మాటలో తెలుగు కలిపి మెల్లగా అడుగుతోంది, నువ్వు ఈ ఊరోనివా బాపూ, అగో గా నల్లకోటు పిల్ల, మా జంగుకు వకీలట, పిల్ల చిన్నగున్నది, మంచిదేనా, గట్టిగ మాట్లాడ్తదా, నీకెర్కనా ఆమె, వరండా చివర అంకిస మనిషి ఒకడు బీడీ తాగుతూ ఇటే చూస్తున్నాడు, నిజంగా చూశాడో లేదో కూడా పోచన్నకు తెలియదు, చూస్తున్నట్టే అనిపించింది, నోరు దానంతటదే అంది, నాకెర్క లేదవ్వా, నేను వేరే పని మీద వచ్చిన, అని తల తిప్పేసరికి ఎదురుగా ఆశ, ఎప్పుడు వచ్చిందో, కాగితాలు రొమ్ముకు అదుముకుని, విన్నదని ఆమె రెప్పలు చెప్పాయి, ఒకప్పుడు విడక ఏడ్చిన ఆ రెప్పలు, బాపూ అని పిలుస్తుందనుకున్నాడు, పిలిస్తే ముసలమ్మ ముందు అబద్ధం బయటపడుతుంది, పిలవలేదు, అతన్ని దాటి ముసలమ్మ భుజం మీద చెయ్యి వేసి, రా అవ్వా, లోపలికి పోదాం, మన కేసు పిలుస్తరు అంది, తెలియని మనిషి పక్క నుంచి పోయినట్టు పోయింది, తండ్రి పరువు కాపాడింది, కొట్టి ఉంటే బాగుండేది, ఆ స్తంభానికి ఆనుకుని అట్లాగే నిలబడిపోయాడు, కేసు ఇడిసిపెట్టుమని చెప్పడానికి వచ్చినవాడు బిడ్డనే ఇడిసిపెట్టాడు.

నాకెర్క లేదు, ఈ మాట తాను ఇంతకుముందు ఎక్కడో విన్నాడు, ఈ మాటే, ఎండ, దుమ్ము, ఇత్తడి గంగాళం, అవును, పెద్దింట్లో గంగాళం పోయిందని తన తండ్రిని నడి ఎండలో నిలబెట్టిన రోజు, ఏదన్నా పోతే ముందు తమ గుడిసెలకే వచ్చేవారు, ఈడు ఎసువంటోడురా అని పక్కవాళ్లను అడిగారు, కలిసి నాట్లేసినవాళ్లు, ఒకే చిలుంలో పొగాకు పంచుకున్నవాళ్లు, ఒక్కొక్కరూ తల వంచుకుని, మాకెర్క లేదు దొరా అన్నారు, తండ్రికి ఎండ కన్నా ఆ మాటే ఎక్కువ తగిలింది, గంగాళం ఆ తర్వాత పెద్దింటి కొట్టంలోనే దొరికింది, దొరికిందని ఎవరూ వచ్చి చెప్పలేదు, చిన్న పిల్లవాడు పోచన్న తండ్రి లాగు పట్టుకుని నిలబడ్డాడు, మా బాపు మంచోడు అని అరవాలనుకున్నాడు, నోరు రాలేదు, నోరు రాకపోవడం అప్పుడు వయసు వల్ల, మరి ఇవాళ, తల్లీ, ఇవాళ ఎందువల్ల.

కాళ్లు వాటంతటవే లోపలికి నడిచాయి, వెనక బెంచీ మీద చోటు ముసలమ్మ పక్కనే ఉంది, కూచున్నాడు, ఇద్దరు పోలీసుల మధ్య జంగు, గోళ్లలో ఇంకా సున్నం ఉందేమో అని చూశాడు, అంత దూరం కనపడలేదు, జడ్జి కొత్తగా వచ్చినవారట, కండ్లజోడు పైకి తోసి మరాఠీలో అడిగారు, ముద్దాయి తరఫున ఎవరు, ఆశ లేచింది, భుజం జారింది, పూర్తి పేరు చెప్పండి అన్నారు, ఆశా పోచన్న దుర్గం, అంది ఆమె, గట్టిగా, గోడలకు తగిలేటట్టు, ఎవరో తనను పిలిచినట్టు పోచన్న సగం లేచి మళ్లీ కూచున్నాడు, ఈ మరాఠీ రాష్ట్రంలో అందరికీ అంతే, మధ్యలో తండ్రి పేరు, బడిలో వేసిన రోజు మాస్టరు అడిగితే చెప్పి మురిసిపోయాడు, ఆ తర్వాత మరిచిపోయాడు, ఆమె మరవలేదు, ఏ కాగితం మీదైనా, ఏ కోర్టులో లేచినా, ఆ పేరు లేకుండా ఆమె పేరు పూర్తి కాదు, తాను ఏ పేరు పోతుందని హోటల్లో నవ్వాడో, ఏ పేరు కోసం వరండాలో అబద్ధమాడాడో, ఆ పేరు ఆమె నోట అందరి ముందూ జంగు పక్కన నిలబడింది, తాను మాత్రం వెనక బెంచీ మీద కూచున్నాడు.

ముసలమ్మ మోచేత్తో తట్టింది, ఆమెకు మరాఠీ రాదు, ఏమంటుంది బాపూ, గా పిల్ల ఏమంటుంది, పోచన్న నోరు విప్పాడు, మా బిడ్డ ఏమంటుందంటే అవ్వా, అనేశాడు, ముసలమ్మ గిర్రున తిరిగి చూసింది, నీ బిడ్డనా, మరి ఇంతకుముందు ఎర్క లేదంటివి, సిగ్గైందవ్వా అన్నాడు పోచన్న, ఆమె తిడుతుందని చూశాడు, ఆమెకు అతని సిగ్గుతో పనిలేదు, కొడుకు దిక్కే చూస్తూ, సరే తియ్ బాపూ, ఏమంటుందో చెప్పు అంది, అంతే, పోచన్న చెప్పసాగాడు, ఒక్కో మాటా తెలుగు చేసి ఆమె చెవిలో, ఎవ్వలూ చూడలేదంటుంది, వాని దగ్గర ఏ వస్తువూ దొరకలేదంటుంది, సున్నమేసిన కూలీకి లోపల ఏముందో ఎర్కైతే, మంగళవారం మంగళవారం లోపలికి పొయ్యే మా అందరికీ ఎర్కనే గదా అంటుంది, ఊరంతటిలో ఈ మాట ఒక్కరికీ తోచలేదు, ఆ కండ్లకేసి అందరికన్నా ఎక్కువ చూసిన తనకే తోచలేదు, నా బిడ్డకు కండ్లియ్యి తల్లీ అని సత్తవ్వ మొక్కింది, తల్లి ఇచ్చింది, వాటితో ఎవర్ని చూడాలో కూడా తనే చెప్పాలనుకున్నాడు, జంగు తీశాడో లేదో జడ్జి చెప్తారు, ఇవాళ కాకపోతే ఇంకో తారీఖుకు, మంగళవారం భజనకు రానిస్తారో లేదో వెంకటేశ్వర్ చెప్తాడు, ఊరు నవ్వితే వచ్చిన సిగ్గు నాలుగు రోజులుండి పోతుంది, నా బిడ్డ నాకెర్క లేదన్న సిగ్గు మాత్రం పోదు, పోకూడదు కూడా, ఆమె చెయ్యెత్తి ఏదో చూపిస్తోంది, చెయ్యి ఎత్తినప్పుడల్లా ఎడమ భుజం ఇంకా జారుతోంది, పోచన్నకు ఇక ఒకటే తెలిసింది, ఇంటికి పోగానే తన నోటితోనే ఆ కోటు అడగాలి, అడిగి, భుజం మొత్తం విప్పి, రెండు వరసలు గట్టి కుట్టు వెయ్యాలి, నాలుగు రోజులకు కాదు, ఏండ్లకేండ్లు ఆమె దీన్నే తొడుక్కుంటుంది.