రెండు కుడిచేతుల చొక్కా

నా క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినపడాలి. ఇరవై రెండేళ్లుగా అదే నా గొప్ప. ఆ గొప్పని మూడో తరగతి పిల్ల ఒకతి మూడు వారాల్లో మంటగలిపింది. దర్జీ కూతురు. అందరూ దాన్ని వసపిట్ట అంటారు. నోరు తెరిస్తే మూతపడదు. పుస్తకం తెరిస్తే మాత్రం మాట పెగలదు.

"టీచర్, నిన్న ఏమైందో తెల్సా?"

"నోర్ముయ్. చదువు."

చదవదు. కూడబలుక్కుని రెండు మాటలు అంటుంది, మూడోదానికి బల్ల కిందకి చూస్తుంది.

ఒకరోజు హెడ్మాస్టరు దాని నోటుబుక్కు తిరగేశారు. "నెలాఖరుకి ఒక పేజీ చదివి, నాలుగు వాక్యాలు సొంతంగా రాయాలి. లేకపోతే రెండో తరగతికి పంపేద్దాం" అన్నారు.

రెండో తరగతిలో దాని చెల్లెలుంది. ఆ మధ్యాహ్నమంతా వసపిట్ట ఒక్క మాట మాట్లాడలేదు. నేను కోరుకున్న నిశ్శబ్దమే అది. అయినా నా ప్రాణం ఉసూరుమంది.

బడి వదిలాక దాన్ని ఆపాను. "ఏదో అయిందన్నావుగా, చెప్పి ఏడు."

అంతే, మొహం వెలిగిపోయింది. "మా అమ్మ ఒకాయన చొక్కాకి రెండూ కుడిచేతులే కుట్టేసింది టీచర్! ఆయనేమో వేసుకుని మెలికలు తిరిగిపోతున్నాడు. మా అమ్మ తగ్గుతుందా? 'చొక్కా బానే ఉందండీ, మీ భుజమే వంకర' అంది!"

నవ్వు ఆపుకుని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాను: "మా అమ్మ దర్జీ. ఆమె దుస్తులు చక్కగా కుట్టును." చదవమన్నాను. మొదటి రెండు మాటల దగ్గరే ఆగిపోయింది. మిగతాది నేనే చదివి వినిపించాను.

"ఇది మా అమ్మ కాదు టీచర్."

"మరెవరే?"

"ఏమో. ఎవరో మంచావిడ."

కోపం నషాళానికెక్కింది. కాసేపటికి గానీ బుర్రకెక్కలేదు, తప్పు నాదేనని. దాని మాటలు లాక్కుని నా మాటలు అంటగట్టాను. ఆ కాగితం చింపి పారేసి, అది చెప్పింది చెప్పినట్టు రాశాను, మెలికలతో సహా. ఈసారి వేలు పెట్టి గడగడా చదివేసింది. వంకర భుజం దగ్గర పగలబడి నవ్వింది.

చదవడం కాదది, చెప్పింది గుర్తుంచుకోవడమే. ఆ మాత్రం నాకూ తెలుసు. అందుకే మర్నాడు ఆ మాటలన్నీ విడివిడిగా కత్తిరించి కలగాపులగం చేసి, అడిగిన మాట ఏరమన్నాను. కిందామీదా పడి ఏరింది. వాటిల్లోంచే మూడు ముక్కలు పక్కపక్కన పేర్చి నా ముందుకు తోసింది.

"మా టీచర్ తగ్గుతుందా?"

తగ్గక చస్తానా! అప్పట్నుంచి నా క్లాసులో మొదటి గంట మాటలదే. ఇద్దరిద్దరు కూర్చుని కబుర్లు చెప్పుకోవాలి, చెప్పింది రాయాలి, రాసింది చదివి వినిపించాలి. గది సంతలా తయారైంది. పక్క గది టీచరు వచ్చి, "ఇది మీ క్లాసేనా?" అంది. "నాదే. ఏం?" అన్నాను.

నెలాఖరు రానే వచ్చింది. హెడ్మాస్టరు మేం చూడని పుస్తకం ఒకటి తెచ్చారు. వసపిట్ట తడబడుతూనే పేజీ మొత్తం చదివింది. ఒకచోట ఆగి, అక్షరాలు పైకి అనుకుని, "ఓహో, అదా!" అని ముందుకు సాగింది.

"ఇప్పుడు రాయి. ఏదైనా సరే."

పెన్సిల్ పట్టుకుని బిగుసుకుపోయింది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. పెదాలు గట్టిగా మూసుకుని నా వైపే బిక్కచచ్చి చూస్తోంది. అప్పుడు తట్టింది నాకు, పెద్దాయన ముందు మాట్లాడకూడదనుకుంటోందని. ఆ భయం నేర్పింది ఎవరు, నేను కాదూ?

"పైకి చెప్పుకుంటూ రాయవే!" అని అరిచాను. హెడ్మాస్టరు ఉలిక్కిపడ్డారు.

దాని నోరు కదిలింది, వెంటనే చెయ్యి కదిలింది. వంకరటింకర అక్షరాలు, తప్పులు బోలెడు. కానీ ప్రతి ముక్కా అర్థమవుతోంది:

"మా చెల్లి రోజూ నన్ను కథ చదవమంటది. నేను బొమ్మలు చూసి ఏదో ఒకటి చెప్తా. నేను చదువుతున్నా అని అది అనుకుంటది. దానికి తెలిసిపోతదని నాకు భయం."

హెడ్మాస్టరు రెండుసార్లు చదివారు. "మూడో తరగతే" అన్నారు మెల్లగా. నాకు కళ్లనీళ్లు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

వసపిట్ట మాత్రం ఆయన చేతిలోని పుస్తకం వైపే చూస్తోంది.

"సార్, అది ఇంటికి తీసుకెళ్లనా? దాంట్లో బొమ్మల్లేవు."