ఇసుక పెట్టె

మా ఇంట్లో మగాళ్ళందరికీ క్వారీ రైలు పిచ్చి. మామగారి తండ్రి బండ్లని గుర్రాలతో లాగించాడు, మామగారు ఆవిరి ఇంజను నడిపాడు, మా ఆయన డీజిలుది నడుపుతున్నాడు. క్వారీలో కోసిన గ్రానైటు దిమ్మల్ని కొండ మీంచి రేవుకి దింపడమే మూడు తరాలుగా వాళ్ళ బతుకు.

వానొస్తే దిగుడులో చక్రాలు జారతాయి. అప్పుడు పట్టు దొరకడానికి ఇంజను పెట్టెలోంచి పట్టాల మీదికి పొడి ఇసుక వదలాలి. ఆ ఇసుక జల్లించి, పొయ్యి మీద ఆరబెట్టి పెట్టెలో నింపే పని మామగారు రిటైరైనా వదల్లేదు. చూపు మందగించిందని ఎవరన్నా అంటే, "వేళ్ళతో నలిపి చెప్తా, ఏది ఇసుకో ఏది దుమ్మో" అని గొప్పలు పోతాడు.

ఆ రోజు పొద్దుటి నుంచీ వాన పట్టుకుంది. నాకు కాలు ఒకచోట నిలవలేదు. ఇసుక కొట్లోకి వెళ్ళి చూద్దును కదా, పొయ్యి పక్కన విప్పిన గోతంలో ఉన్నది రాళ్ళు కోసే షెడ్డు దుమ్ము! తడిస్తే అచ్చం సబ్బే. ఇసుక గోతానికి కట్టిన కట్టు కట్టినట్టే ఉంది. రైలు అప్పటికే బయల్దేరింది.

మలుపు దగ్గర, పైకొచ్చే ఖాళీ బండ్లకి దారివ్వడానికి రైలు ఆగుతుంది. అసలు దిగుడు ఆ తర్వాతే. బకెట్టు నిండా ఇసుక పోసుకుని, పైన గోనె కప్పి అడ్డదారిన పరిగెత్తాను. దారి పొడుగునా ముసలాయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను.

"ఏవండీ, దిగకండి! పెట్టెలో దుమ్ముంది!" అని రొప్పుతూ అరిచాను.

మా ఆయన తాపీగా పెట్టె మూత ఎత్తాడు. లోపల పొడి ఇసుక.

"నాన్న నింపింది పారబోసి నేనే నింపుకున్నా. ఇంజను షెడ్డులో నాకు వేరే ఇసుక గోతం ఉంది. చాన్నాళ్ళుగా ఇంతే," అన్నాడు. "కుర్రతనంలో క్వారీలో డ్రిల్లు పట్టీ పట్టీ ఆయన వేళ్ళకి స్పర్శ పోయింది. ఆ కొట్టు కూడా లాక్కుంటే ఏమైపోతాడే? ఆయనకి చెప్పకు."

"నాకు చెప్తే మీ సొమ్మేం పోయింది?" అని కసిరాను. కోపం తగ్గలేదు గానీ, చెప్పనని మాటిచ్చాను.

తిరిగొచ్చేసరికి మామగారు కొట్లో ఆ గోతంలో చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"వాడు క్షేమంగా దిగాడా?"

"దిగాడు మావయ్యా."

"నువ్వు బకెట్టుతో పరిగెత్తడం విన్నానమ్మాయ్. ఇది దుమ్మేనా?"

తిట్టాలనుకున్నవన్నీ వదిలేసి, అవునన్నాను.

ఆయన చెయ్యి బయటికి తీసి పంచెకి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"రేపట్నుంచి నువ్వు చూసి చెప్పు, నేను నింపుతా. వాడికి మాత్రం తెలియనివ్వకు తల్లీ. నా ఇసుకని నమ్ముకుని దిగుతున్నాడు."

ఆయనకీ సరేనన్నాను.