బావగారి ఇల్లుబండి

మా బావగారికి బండి ఊగితే పరువు ఊగినట్టే. మంచం, పొయ్యి, బీరువా అన్నీ లోపలే ఉన్న ఒక పాత ఇల్లుబండిని ఎవరో వదిలించుకుంటుంటే, ఈయన అదృష్టం తలుపు తట్టిందనుకుని తెచ్చి పెరట్లో నిలిపారు. అదీ సరిగ్గా అక్క తన కుట్టుపని షెడ్డుకని చూసుకున్న జాగాలో. అప్పటినుంచి అక్క మూడు మిషన్లూ పడకగదిలోనే ఉన్నాయి. బావగారు నిద్రలో అటు ఒత్తిగిలితే మిషను, ఇటు ఒత్తిగిలితే అక్క మోచెయ్యి.

మొదటిసారి ముగ్గురం ఎక్కి ఊరు దాటామో లేదో, మలుపు దగ్గర బండి తాగినవాడిలా పక్కకు ఒరిగింది. గిన్నెలన్నీ నేల మీద పడ్డాయి. వాంతులు ఆగక అక్క మొహం సంచిలో ఉంది.

"ఇది బండి కాదండీ, ఉయ్యాల. నన్ను మళ్ళీ పసిపిల్లను చేసేలా ఉన్నారు."

"కింది స్ప్రింగు పట్టీలు, అదే కమాన్లు, అలిసిపోయాయే. మార్చేస్తాగా!"

మార్చారు. మెకానిక్ పంట పండింది. కమాన్ల తర్వాత షాక్ అబ్జార్బర్లు మార్చారు. బండి ఒరగకుండా పట్టి ఉంచుతుందని ఇరుసు దగ్గరి సన్న కడ్డీ తీసి లావు కడ్డీ వేశారు. చాలక కమాన్లను మళ్ళీ మార్చి, ఈసారి మందమైనవి బిగించారు. మార్చిన ప్రతిసారీ బండి ఇంకాస్త ఊగింది.

చివరికి అక్క తేల్చేసింది.

"కొండ దారిలో తిప్పండి. బల్ల మీద స్టీలు గ్లాసు నిలబెడతా. పడకపోతే పెరడు మీ బండిదే, నోరెత్తను. పడిందా, బండి అమ్మాలి, నా షెడ్డు లేవాలి."

"పడితే నా పేరు మార్చుకుంటా!"

"పేరు ఉంచుకోండి. బండి వదలండి, చాలు."

ప్రయాణం ముందురోజు పరుపులు ఎండేద్దామని అక్కా నేనూ నిచ్చెన వేసుకుని బండి పైకప్పెక్కాం. అక్కడ టార్పాలిన్ కింద పెద్ద గుట్ట కనిపించింది. ఎత్తి చూస్తే, ఊడదీసిన కమాన్లు రెండు జతలు, షాక్ అబ్జార్బర్లు, పాత కడ్డీ, అన్నీ తుడిచి, గ్రీజు పూసి, తాళ్ళతో కట్టి ఉన్నాయి. బావగారు తెగిన చెప్పు కూడా పారేయరు. ఎప్పటికైనా పనికొస్తుందంటారు. కింద తీసిన ఇనుమునంతా బండి నెత్తికెత్తారన్నమాట. నెత్తిన మూటల మీద మూటలు పెట్టుకున్నవాడు కొత్త చెప్పులు తొడిగితే తూలడం మానతాడా?

"అక్కా, బావగారికి చెబుదామా?"

అక్క టార్పాలిన్‌ను మళ్ళీ కప్పింది. పసిపిల్లకు దుప్పటి సర్దినట్టు అంచులు సర్దింది.

"ఏం చెప్పాలే? బండ్ల సంగతి ఆడవాళ్ళకేం తెలుసు?"

పెళ్ళయినప్పటి నుంచీ అది బావగారి మాట. అక్క నోట వినడం అదే మొదలు. పరుపులు మాత్రం ఆ రోజు ఎండలేదు.

మర్నాడు కొండ మొదటి మలుపులో గ్లాసు జరిగింది. రెండో మలుపులో ఠంగున పడి, దొర్లుకుంటూ వెళ్ళి బావగారి మడమకు తగిలింది.

"రోడ్డు వంకరగా ఉందే!"

"పాపం, కొండక్కూడా కమాన్లు మార్పించండి."

బేరం కుదిరింది. కొనేవాళ్ళు వచ్చిన రోజున బావగారు, "నా సామాను ఉచితంగా ఎందుకివ్వాలి?" అని పైకప్పు మీది ఇనుమంతా పెరట్లోకి దింపించారు. కొన్నాయన బండిని ఒక చుట్టు తిప్పి వచ్చాడు.

"అసలు ఊగడం లేదు సార్! ఇంత మంచి బండిని ఎందుకమ్ముతున్నారు?"

బావగారు బండిని చూశారు. ఇనుప గుట్టను చూశారు. ఆ తర్వాత అక్కను చూశారు.

"నీకు ముందే తెలుసా?"

"మీరు చెబితే కదండీ నాకేదైనా తెలిసేది!"

బండి వెళ్ళిపోయింది. ఇనుము షెడ్డు జాగాలో మిగిలింది.

"ఉండనీ. ఎప్పటికైనా పనికొస్తుంది" అన్నారాయన నీరసంగా.

"ఇప్పుడే పనికొస్తుంది" అని అక్క వెల్డింగ్ అతన్ని పిలిపించింది.

ఇప్పుడు కడ్డీ షెడ్డు కప్పును మోస్తోంది. కమాన్లు మిషన్ల బల్లకు కాళ్ళయ్యాయి. మూడు మిషన్లూ ఒక్కసారే నడిచినా ఏదీ అదరదు. బావగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని, బట్టలు తెచ్చినవాళ్ళందరికీ చూపిస్తారు.

"చూశారా? అంతా నా సస్పెన్షనే!"

"అవునండీ," అంటుంది అక్క, దారం కొరుకుతూ. "ఎక్కడికీ కదలక్కర్లేదు కాబట్టి బాగా పనిచేస్తోంది."